ప్లంజర్ మీద హార్డ్ క్రోమ్ ఊడిపోతోంది, టైటానియం నైట్రైడ్ వేయించాలా?

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. ఉప్పు నీళ్లతోపాటు సన్న ఇసుక కూడా లాగే ప్లంజర్ పంపు మీది (ముందుకీ వెనక్కీ ఆడుతూ నీళ్లని నెట్టే కడ్డీయే ప్లంజర్). ప్లంజర్ సి45 స్టీల్‌ది, అంటే 0.45 శాతం కార్బన్ ఉన్న మామూలు స్టీల్. గట్టిపరచకుండా అలాగే వాడారు. పైన 25 మైక్రాన్ల హార్డ్ క్రోమ్ ఉంది (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). కొన్ని నెలలకే, నీళ్లు కారకుండా ప్లంజర్ చుట్టూ బిగించే ప్యాకింగ్ ఆడే చోట నిలువు గీతలు పడ్డాయి, తర్వాత తుప్పు చుక్కలు లేచాయి, ఇప్పుడు క్రోమ్ పెచ్చులుగా ఊడుతోంది. క్రోమ్ గట్టిదనం వికర్స్ స్కేలు మీద 900, టైటానియం నైట్రైడ్‌ది 2300 కాబట్టి రెండున్నర రెట్లు మన్నుతుందని కోటింగ్ వేసేవాళ్లు లెక్క చెప్పారు. వేయించాలా, లేకపోతే దానికన్నా గట్టిది ఇంకేదైనా ఉందా అని మీరు అడుగుతున్నారు.

వేయించకండి. టైటానియం నైట్రైడ్ మంచి పూతే. హైస్పీడ్ స్టీల్ డ్రిల్లు బిట్లకీ, గేర్లు కోసే హాబ్‌లకీ అది చేసిన మేలు ఇంతా అంతా కాదు. కానీ మీ ప్లంజర్ మీద మాత్రం అది క్రోమ్ కన్నా ముందే పోతుంది. ఎందుకో తెలియాలంటే మీ క్రోమ్ ఎందుకు పోయిందో ముందు చూడాలి. ఆ జబ్బే టైటానియం నైట్రైడ్‌కి ఇంకా ఎక్కువగా ఉంది.

హార్డ్ క్రోమ్‌కి పగుళ్లు పుట్టుకతోనే వస్తాయి. ముక్కని ముంచి కరెంటుతో క్రోమ్ ఎక్కించే బాత్‌లో లీటరుకి 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్, అందులో నూరో వంతు సల్ఫేట్, 50 నుంచి 60 డిగ్రీల వేడి: దశాబ్దాలుగా నడుస్తున్న రెసిపీ ఇదే. ఇందులో కరెంటులో ఎక్కువ భాగం హైడ్రోజన్ పుట్టించడానికే ఖర్చవుతుంది, లోహం పేరుకోవడానికి పనికొచ్చేది 10 నుంచి 20 శాతమే. ఆ హైడ్రోజన్‌లో కొంత క్రోమియంతో కలిసి పొరలోకి చేరుతుంది, తర్వాత విడిపోతుంది. అప్పుడు లోహం కుంచించుకుని, లాగుడు తట్టుకోలేక వెంట్రుక కన్నా సన్నగా చిట్లుతుంది. దాని మీద మళ్లీ క్రోమ్ పేరుకుంటుంది, అదీ చిట్లుతుంది. పొర మందంగా ఉంటే కింది పగులు పై పగులుతో కలవకుండా మూసుకుపోతుంది. పలుచగా ఉంటే వాటిలో కొన్ని కలిసి అడుగున ఉన్న స్టీల్ దాకా దారి చేస్తాయి. నూనెలో ఆడే హైడ్రాలిక్ రాడ్‌కి ఈ పగుళ్ల వల్ల లాభమే, నూనెని పట్టి ఉంచుతాయి. మీ దగ్గర అవే పగుళ్లు ఉప్పు నీళ్లని లోపలికి పంపాయి.

ఉప్పు నీళ్లు స్టీల్‌ని తాకాక జరిగేదే అసలు కథ, ఇది పట్టుబడితే పూతల గురించి సగం తెలిసినట్టే. ఉప్పు నీళ్లలో రెండు లోహాలు తగులుకుని ఉంటే ఒకటి కరుగుతుంది, రెండోది క్షేమంగా ఉంటుంది. జింకు, స్టీల్ జతలో జింకు కరుగుతుంది. అందుకే గాల్వనైజ్డ్ రేకు మీద గీత పడినా పక్కనున్న జింకు ఆ గీతని కొంతకాలం కాపాడుతుంది. క్రోమ్, నికెల్, టైటానియం నైట్రైడ్, టంగ్‌స్టన్ కార్బైడ్ పూతల్లో ఏది తీసుకున్నా లెక్క తిరగబడుతుంది, కరిగేది స్టీలే. పైగా కరిగే చోటు సూదిమొన అంత, దాన్ని కరిగించే పూత ప్లంజర్ అంతా పరుచుకుని ఉంటుంది. ఆ పెద్ద ఉపరితలం మీద జరిగే చర్యకి కావలసిన కరెంటు మొత్తం ఆ చిన్న రంధ్రం నుంచే రావాలి. కాబట్టి అక్కడ స్టీల్ పూత లేని స్టీల్ కన్నా వేగంగా, లోతుగా తినేయబడుతుంది. అంటే రంధ్రాలున్న గట్టి పూత తుప్పుని ఆపకపోగా ఒకచోటికి చేర్చి గుంట తవ్విస్తుంది. తుప్పు అది పుట్టిన స్టీల్ కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కింద నుంచి పొరని పైకి నెడుతుంది. మీరు చూసిన పెచ్చులు అలా వచ్చినవే. క్రోమ్ సరిగ్గా అతకలేదని ప్లేటింగ్ వాళ్లని అనుమానించే ముందు ఊడిన పెచ్చు అడుగు భాగం చూడండి. ఎర్రగా తుప్పు ఉంటే పాపం వాళ్లది కాదు. శుభ్రంగా మెరుస్తూ ఉంటే మాత్రం యాసిడ్ ఎచింగ్ దగ్గరో, గ్రీజు కడగడం దగ్గరో వాళ్లు తప్పు చేసినట్టే.

దీనికి తోడు ఉప్పులోని క్లోరైడ్ క్రోమియంని కూడా వదలదు. దాని మీద ఉండే కాపుదల పొరని క్లోరైడ్ చెడగొడుతుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో హార్డ్ క్రోమ్ పొర చక్కగా కరిగిపోతుందని ప్లేటింగ్ షాపుల్లో అందరికీ తెలుసు, పాత క్రోమ్ తీసేయడానికి వాడే పద్ధతుల్లో అదొకటి.

ఇక ఇసుక. క్వార్ట్జ్ గట్టిదనం వికర్స్‌లో సుమారు 1100. ఒక రేణువు ఒక ఉపరితలాన్ని బాగా గీయాలంటే అది ఆ ఉపరితలం కన్నా సుమారు 1.2 రెట్లు గట్టిదై ఉండాలి. అంతకన్నా తక్కువైతే రేణువు మొనే ముందు మొద్దుబారుతుంది, అరుగుదల ఒక్కసారిగా పడిపోతుంది. 1100ని 900తో భాగించి చూడండి, దాదాపు 1.2 వస్తుంది. మీ క్రోమ్ సరిగ్గా హద్దు మీద నిలబడింది. కొన్ని రేణువులు గీశాయి, కొన్ని గీయలేదు, కొన్ని ప్యాకింగ్‌లో ఇరుక్కుని అదే గీతని మళ్లీ మళ్లీ గీశాయి.

గట్టిదనం రెండున్నర రెట్లు కాబట్టి ఆయుష్షు రెండున్నర రెట్లు అనే లెక్క ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెబుతాను. 1953లో ఆర్చర్డ్ ఇచ్చిన సూత్రం ప్రకారం అరిగే పరిమాణం బరువుకీ జరిగిన దూరానికీ అనులోమంగా, గట్టిదనానికి విలోమంగా ఉంటుంది. అమ్మకం కాగితాల్లో కనిపించే లెక్కలన్నీ దీని పిల్లలే. కానీ ఆ సూత్రంలో ఒక గుణకం కూడా ఉంది. పదార్థాల జత, తడి, ఉపరితలం నున్నదనం మారితే ఆ గుణకం పదుల, వందల రెట్లు మారుతుంది. దాన్ని వదిలేసి గట్టిదనం ఒక్కటే పట్టుకుంటే వచ్చే జవాబుకి విలువ లేదు.

సరే, టైటానియం నైట్రైడ్ పూత మందం ఎంత? మామూలుగా 2 నుంచి 5 మైక్రాన్లు. మీ ఇసుక రేణువు సన్నదే అనుకున్నా 100 మైక్రాన్లు ఉంటుంది. ఆ రేణువు ప్యాకింగ్ కింద నలిగినప్పుడు దాని మొన కింద పడే ఒత్తిడి 3 మైక్రాన్ల పొరలో ఆగదు, కింది స్టీల్‌లోకి దిగుతుంది. గట్టిపరచని సి45 గట్టిదనం దాదాపు 200. అది లొట్టపడుతుంది, పైనున్న పూత దానితో వంగలేక విరుగుతుంది. పరుపు మీద గాజు పలక పరిచి దాని మీద నిలబడితే ఏమవుతుందో అదే. గాజు ఎంత గట్టిదైతే ఏం లాభం? డ్రిల్లు బిట్ మీద ఇదే పూత నిలబడటానికి కారణం కింద హైస్పీడ్ స్టీల్ 800, 900 గట్టిదనంతో ఎదురునిలవడం.

రంధ్రాల విషయంలో కూడా ఇది క్రోమ్‌కి తమ్ముడే. వాక్యూమ్ చాంబర్‌లో ఆవిరి నుంచి పేరుకునే ఈ పూతలు నిలువు స్తంభాలు పక్కపక్కన పేర్చినట్టు పెరుగుతాయి, స్తంభాల మధ్య సందులుంటాయి. ఆర్క్ పద్ధతిలో అయితే కరిగిన టైటానియం చుక్కలు కూడా వచ్చి పడతాయి, అవి రాలిపోయిన చోట సూదిమొన గుంటలు మిగులుతాయి. పూత వేసే ముందు చాంబర్‌లో ఒక దుమ్ము కణం కూర్చున్నా అదొక రంధ్రమే. మామూలు కార్బన్ స్టీల్ ముక్క మీద టైటానియం నైట్రైడ్ వేసి ఉప్పు నీటి తుంపరలో పెడితే గంటల్లోనే తుప్పు చుక్కలు కనిపిస్తాయి. క్రోమియం నైట్రైడ్ ఈ విషయంలో కొంత నయం. పల్స్ పద్ధతుల్లో వేసే కొత్తరకం పూతలు ఇంకా చిక్కగా వస్తాయి. అయినా 3 మైక్రాన్ల పొర మీద భరోసా పెట్టి కార్బన్ స్టీల్‌ని ఉప్పు నీళ్లలోకి దింపడం నాకు నచ్చదు.

ఇంకో చిన్న చిక్కు, చాలామంది మర్చిపోయేది. టైటానియం నైట్రైడ్ సాధారణంగా 400 నుంచి 500 డిగ్రీల దగ్గర వేస్తారు. బేరింగ్ స్టీల్ లాంటి వాటిని 150 నుంచి 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తారు, అంటే గట్టిపరిచాక పెళుసుదనం తగ్గడానికి మళ్లీ కాస్త వేడి చేస్తారు. అలాంటి ముక్కని ఆ చాంబర్‌లో పెడితే పూత గట్టిగా వస్తుంది, కింది స్టీల్ మెత్తబడుతుంది, సైజు కూడా కాస్త జరుగుతుంది. పూత వేసే వేడి ఎప్పుడూ స్టీల్ టెంపరింగ్ వేడి కన్నా తక్కువే ఉండాలి. తక్కువ వేడిలో పని కావాలంటే 200 డిగ్రీల చుట్టుపక్కల వేయగల డైమండ్ తరహా కార్బన్ పూతలున్నాయి. రాపిడి గుణకం 0.1 దగ్గర ఉంటుంది కాబట్టి డీజిల్ ఇంజెక్టర్ భాగాల్లో బాగా వాడతారు. కానీ మామూలు రకాలు 300, 350 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలవుతుంది. మందం విషయంలో అవి కూడా టైటానియం నైట్రైడ్ బాపతే, కాబట్టి ఇసుకకి జవాబు కావు.

అరుగుదల తట్టుకోవాలంటే గట్టిదనం కావాలి. తుప్పు తట్టుకోవాలంటే రంధ్రం, పగులు లేకుండా మూసి ఉండాలి. కోటింగ్‌ల వ్యవహారంలో తలనొప్పంతా ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడటంలోనే ఉంది. గట్టిదనం పెంచే మార్గాలు చాలావరకు పెళుసుదనాన్ని, దాంతో పగుళ్లని కూడా తెస్తాయి. ఎలక్ట్రోలెస్ నికెల్ కథ వింటే ఇది స్పష్టంగా తెలుస్తుంది.

1946లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో బ్రెన్నర్, రిడెల్ అనే ఇద్దరు దీన్ని బయటపెట్టారు. కరెంటు అక్కర్లేదు. 90 డిగ్రీల దగ్గర వేడిగా ఉన్న ద్రావణంలో ముక్కని ముంచితే సోడియం హైపోఫాస్ఫైట్ ఇచ్చే ఎలక్ట్రాన్లతో నికెల్, కాస్త ఫాస్ఫరస్ కలిసి ముక్క మీద పేరుకుంటాయి. కరెంటు లేదు కాబట్టి అంచుల దగ్గర మందం, మూలల్లో పలుచన అనే గొడవ లేదు. స్క్రూ మరల సందుల్లో, బోరు లోపల, ద్రావణం తగిలిన ప్రతిచోటా ఒకే మందం వస్తుంది. ఫాస్ఫరస్ 10 శాతం దాటిన రకానికి స్ఫటిక నిర్మాణమే ఉండదు, అంచేత స్ఫటికాల మధ్య సరిహద్దులూ ఉండవు, తుప్పుకి దారీ దొరకదు. 50 మైక్రాన్లు వేయిస్తే ఉప్పు నీళ్లని బాగానే ఆపుతుంది. కానీ గట్టిదనం 500 చిల్లర. ఇసుక దాన్ని సులువుగా గీస్తుంది. 400 డిగ్రీల దగ్గర ఒక గంట వేడి చేస్తే నికెల్ ఫాస్ఫైడ్ రేణువులు ఏర్పడి గట్టిదనం 900 దాటుతుంది, హార్డ్ క్రోమ్‌తో సమానం. అదే సమయంలో పొర కుంచించుకుని సన్నగా పగుళ్లిస్తుంది. తుప్పుని ఆపే గుణం ఏదైతే ఉందో అదే పోతుంది! ఒకే పూత, ఒకే బాత్, ఒక గంట ఓవెన్ మధ్యలో పెట్టి ఈ పక్క తుప్పు నుంచి కాపాడుతుంది, ఆ పక్క అరుగుదల నుంచి. రెండూ ఒకేసారి ఇవ్వదు. బ్రోషర్‌లో మాత్రం గట్టిదనం అంకె వేడి చేసిన ముక్కది, సాల్ట్ స్ప్రే గంటలు వేడి చేయని ముక్కవి ఉంటాయి. రెండూ ఒకే పట్టికలో పక్కపక్కనే కనిపిస్తాయి, చూసుకోండి.

కాబట్టి రెండు గుణాలూ కావాలంటే పని రెండు పొరలకి పంచాలి, లేదా తుప్పు పని బేస్ మెటల్‌కే అప్పగించాలి. ఆరుబయట వానలో తడిసే హైడ్రాలిక్ రాడ్‌లకి కింద నికెల్, పైన క్రోమ్ వేసేది అందుకే. నికెల్ మూస్తుంది, క్రోమ్ గీతలు ఆపుతుంది. టూల్ స్టీల్ డైలకి ముందు ప్లాస్మా నైట్రైడింగ్ చేసి, తర్వాత పైన పలుచటి నైట్రైడ్ పూత వేసే పద్ధతి కూడా ఇలాంటిదే. పరుపు స్థానంలో గట్టి బల్ల పెడుతున్నారన్నమాట.

నైట్రైడింగ్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి రెండు మాటలు. ఇది పైన వేసే పూత కాదు, స్టీల్ చర్మంలోకే నత్రజని చొప్పించడం. అందువల్ల ఊడే ప్రశ్న లేదు. 500 నుంచి 580 డిగ్రీల మధ్య చేస్తారు కాబట్టి వంకరపోవడం కూడా తక్కువ. అల్యూమినియం, క్రోమియం, మాలిబ్డినం ఉన్న నైట్రైడింగ్ స్టీల్ అయితే 1000 గట్టిదనం వస్తుంది. మీ సి45లో అవేవీ లేవు, కాబట్టి ఆ గట్టిదనం ఆశించకండి. పైన ఇనుము, నత్రజని కలిసిన 10, 15 మైక్రాన్ల సమ్మేళన పొర మాత్రం బాగానే వస్తుంది, దానికి చివర్లో ఆక్సీకరణ చేసి నల్లగా మారిస్తే తుప్పుని ఆశ్చర్యపోయేంత బాగా ఆపుతుంది. కార్ల డిక్కీ లేపే గ్యాస్ స్ప్రింగ్ రాడ్‌లు చాలావరకు ఇవే. పరిశుభ్రమైన పరిసరాల్లో, నూనె అందే చోట నేను మొదట అడిగేది దీన్నే. ఇసుక ఉన్న మీ పంపులో ఆ 15 మైక్రాన్లు పోగానే కథ ముగుస్తుంది. స్టెయిన్‌లెస్ ప్లంజర్ చేయించి దాన్ని నైట్రైడింగ్‌కి ఇద్దామని మాత్రం అనుకోకండి. 500 డిగ్రీల దగ్గర చేస్తే స్టీల్‌లోని క్రోమియం నత్రజనితో కట్టుబడిపోతుంది, తుప్పుని ఆపడానికి మిగలదు. స్టెయిన్‌లెస్ అనే పేరు మాత్రమే మిగులుతుంది. 450 డిగ్రీల లోపు చేసే ప్రత్యేక పద్ధతులున్నాయి, అవి అందరూ చేయలేరు.

మీకు నేను చెప్పేది హెచ్‌వీఓఎఫ్ (హై వెలాసిటీ ఆక్సీ ఫ్యూయల్) పద్ధతిలో స్ప్రే చేసిన టంగ్‌స్టన్ కార్బైడ్. విమానాల లాండింగ్ గేర్‌లలో హార్డ్ క్రోమ్‌ని తప్పించి దీన్ని తెచ్చారు, పర్యావరణ కారణాలతో మొదలైనా పనితనంలో కూడా నెగ్గింది. ఇంధనం, ఆక్సిజన్ ఒత్తిడిలో మండించి, ధ్వని కన్నా వేగంగా వచ్చే ఆ మంటలోకి పొడి వదులుతారు. కణాలు సెకనుకి 500 మీటర్లకు పైగా వేగంతో వచ్చి ముక్క మీద చప్పిడిగా అతుక్కుంటాయి. కిటుకు వేగంలోనే ఉంది. మంటలో ఉండే సమయం తక్కువ కాబట్టి కార్బైడ్ విడిపోయి పెళుసు పదార్థంగా మారడం తక్కువ. గట్టిగా కొట్టుకుంటుంది కాబట్టి రంధ్రాలు 1 శాతం లోపే. గట్టిదనం 1000 నుంచి 1200 దాకా వస్తుంది, ఆ పొరలో ఉన్న కార్బైడ్ రేణువులు ఒక్కొక్కటీ ఇసుక కన్నా దాదాపు రెట్టింపు గట్టివి. మందం 150, 200, 300 మైక్రాన్లు వేయవచ్చు. స్ప్రే జరిగేటప్పుడు ముక్క వేడి 150 డిగ్రీలు దాటకుండా చల్లబరుస్తూ చేస్తారు, కాబట్టి బేస్ మెత్తబడదు.

పొడి రకం విషయంలో పట్టుబట్టండి. టంగ్‌స్టన్ కార్బైడ్‌ని పట్టి ఉంచేది కోబాల్ట్. మామూలు కోబాల్ట్ రకాన్ని ఉప్పు నీళ్లలో పెడితే కార్బైడ్ బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకున్న కోబాల్ట్ కరిగిపోతుంది. పట్టు పోయాక రేణువు రాలుతుంది. అంచేత 10 శాతం కోబాల్ట్, 4 శాతం క్రోమియం కలిపిన రకం అడగండి. ఆర్డర్‌లో కార్బైడ్ కోటింగ్ అని మాత్రమే రాస్తే వాళ్ల దగ్గర డబ్బాలో ఏది ఉంటే అది పడుతుంది. 500 డిగ్రీలు దాటే వేడి పనులకైతే టంగ్‌స్టన్ కార్బైడ్ ఆక్సీకరణం చెందుతుంది, అక్కడ నికెల్ క్రోమ్‌తో కలిపిన క్రోమియం కార్బైడ్ వాడతారు. మీకు ఆ అవసరం లేదు.

అయితే 1 శాతం లోపు రంధ్రాలంటే సున్నా కాదని గమనించండి. పైన చెప్పిన రెండు లోహాల జత లెక్క ఇక్కడ కూడా వర్తిస్తుంది. స్ప్రే తర్వాత, గ్రైండింగ్‌కి ముందో వెనకో, పలుచటి ఎపాక్సీ లాంటి సీలర్ పట్టించమనండి. అన్నిటికన్నా ముఖ్యంగా బేస్ మార్చండి. సి45 బదులు ఉప్పు నీళ్లని బాగా తట్టుకునే డ్యూప్లెక్స్ రకం స్టెయిన్‌లెస్ లాంటిది పెట్టుకుంటే ఎక్కడైనా రంధ్రం గుండా నీళ్లు దిగినా కింద తినడానికి తేలికగా ఏమీ దొరకదు. పూతకి పెట్టే ఖర్చు పక్కన ఒక ప్లంజర్ ముడి కడ్డీ ఖర్చు పెద్దది కాదు. స్టెయిన్‌లెస్ మాత్రమే పెట్టి పూత మానేద్దామా అంటే, కుదరదు. దాన్ని కాపాడే ఆక్సైడ్ పొర కొద్ది నానోమీటర్లే, ఇసుక ప్రతి స్ట్రోక్‌లో దాన్ని గీకేస్తుంది, అది మళ్లీ ఏర్పడుతుంది, మళ్లీ గీకుతుంది. అరుగుదల, తుప్పు విడివిడిగా చేసే నష్టం కలిపిన దానికన్నా ఈ రెండూ కలిసి చేసే నష్టం ఎక్కువ.

రెండో దారి కూడా ఉంది, పాతదే గానీ గట్టిది. నికెల్, క్రోమియం, బోరాన్, సిలికాన్ కలిసిన పొడి స్ప్రే చేసి, తర్వాత సుమారు 1000 డిగ్రీల దాకా వేడి చేసి కరిగిస్తారు. పొర బేస్‌తో లోహబంధంగా అతుకుతుంది, రంధ్రాలు దాదాపు మూసుకుపోతాయి. పంపు ప్లంజర్లకి దశాబ్దాలుగా ఇదే వాడుతున్నారు. గట్టిదనం కార్బైడ్ అంత రాదు, రాక్‌వెల్ సి అనే వేరే స్కేలు మీద 60 లోపే. ఆ వేడికి పొడవాటి ప్లంజర్ వంగవచ్చు, కాబట్టి గ్రైండింగ్ కోసం మెటీరియల్ ఎక్కువ వదలాలి. ఇసుక తక్కువ, తుప్పు ఎక్కువ అనుకుంటే నేను దీని వైపే మొగ్గుతాను.

మూడోది, అసలు పూతే లేకుండా అల్యూమినా సిరామిక్ ప్లంజర్ లేదా సిరామిక్ స్లీవ్. అధిక పీడన నీటి పంపుల్లో ఇది మామూలే. తుప్పు అనే మాట లేదు, ఇసుక గీయలేదు. దెబ్బ తగిలితే, లేదా ఒక్కసారిగా వేడి మారితే పగులుతుంది. ప్యాకింగ్ ఎండిపోయి వేడెక్కిన ప్లంజర్ మీద చల్లటి నీళ్లు పడే అవకాశం ఉంటే వద్దు. పూతల గురించి ఇంత రాసి పూత వద్దంటున్నానేంటి అనుకోకండి, మీ పంపు సైజుకి దొరికితే మొదట దీన్నే అడిగి చూడండి.

అలాగే ఇసుక పంపులోకి రాకుండా చూడటం, ప్యాకింగ్ దగ్గర పక్క నుంచి శుభ్రమైన నీళ్లు నెట్టే ఫ్లషింగ్ లైను పెట్టడం ఏ పూత కన్నా చవక. ప్యాకింగ్‌లో ఇసుక ఇరుక్కుంటే కార్బైడ్ ప్లంజర్ నిలబడినా ప్యాకింగ్ పోతుంది, మళ్లీ మీరు అక్కడికే వస్తారు.

ఇక కోటింగ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు. వాళ్లు సాల్ట్ స్ప్రే 500 గంటలు, 1000 గంటలు అంటారు. ఐఎస్ఓ 9227 పరీక్ష అంటే 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పు నీటి తుంపర. దాని ఫలితానికీ వాడుకలో మన్నికకీ నేరుగా సంబంధం ఉండటం అరుదని ఆ ప్రమాణంలోనే రాసి ఉంటుంది. గంటల్ని సంవత్సరాలుగా మార్చే పట్టిక ఎవరైనా చూపిస్తే నమ్మకండి. పైగా ఆ పరీక్షలో పెట్టేది గీత పడని కొత్త చదును పలక. మీ అసలు ప్లంజర్ సైజులో, అదే గ్రైండింగ్ అయిన ముక్క మీద చేశారా అని అడగండి. ఇంతకన్నా చవకైన పరీక్ష ఒకటుంది. ఉప్పు, పొటాషియం ఫెర్రిసైనైడ్ కలిపిన ద్రావణంలో ఫిల్టర్ పేపర్ తడిపి పూత మీద కాసేపు అంటించి ఉంచడం. రంధ్రం ఉన్న ప్రతిచోటా ఇనుము కరిగి కాగితం మీద నీలం చుక్క పడుతుంది. కార్బన్ స్టీల్ మీద వేసిన నికెల్ లాంటి పూతలకి ఇది కళ్లకి కట్టినట్టు నిజం చెబుతుంది. స్టెయిన్‌లెస్ బేస్‌కి మాత్రం ఇది పనికిరాదు.

గట్టిదనం సర్టిఫికెట్‌లో ఎంత బరువు పెట్టి కొలిచారో చూడండి. సూది దిగిన లోతు పూత మందంలో పదో వంతు దాటితే కింది స్టీల్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. 25 మైక్రాన్ల క్రోమ్‌ని 100 గ్రాముల బరువుతో కొలిస్తే సూది 2 మైక్రాన్లు దిగుతుంది, ఫర్వాలేదు. 3 మైక్రాన్ల టైటానియం నైట్రైడ్‌ని 25 గ్రాములతో కొలిచినా 0.6 మైక్రాన్లు దిగుతుంది, అంటే హద్దుకి రెట్టింపు. కాబట్టి అంత పలుచటి పూత మీద మామూలు మైక్రో వికర్స్ మిషన్‌తో కొలిచిన అంకె పూతదే అనుకోవద్దు, దానికి నానో ఇండెంటేషన్, అంటే అతి తక్కువ బరువుతో అతి తక్కువ లోతులో కొలిచే పద్ధతి, కావాలి.

ఇంకోటి, మీ ప్లంజర్‌కి వర్తించదు గానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం. 1000 మెగాపాస్కల్స్ దాటిన బలమైన స్టీల్‌కి, అంటే స్ప్రింగులు, హై టెన్సైల్ బోల్టులు లాంటివాటికి, హార్డ్ క్రోమ్ వేయిస్తే ప్లేటింగ్ అయిన నాలుగు గంటల లోపు 190 నుంచి 220 డిగ్రీల దగ్గర బేకింగ్ చేయాలి. ప్లేటింగ్‌లో దూరిన హైడ్రోజన్ బయటికి పోకపోతే బరువు పడిన కొన్నాళ్లకి ఏ హెచ్చరికా లేకుండా విరుగుతుంది. రేపు చేద్దాంలే అంటే కుదరదు.

ఆర్డర్ పెట్టేటప్పుడు డ్రాయింగ్ మీద రాయాల్సినవి ఇవి. పూత రకం, పొడి కూర్పు పూర్తిగా రాయండి. ఫినిష్ గ్రైండింగ్ తర్వాత మిగలాల్సిన మందం 200 మైక్రాన్లు అని స్పష్టంగా రాయండి, స్ప్రే మందం కాదు. దానికోసం బేస్ వ్యాసాన్ని ముందే 0.4 మిల్లీమీటర్లు తగ్గించి తిప్పించాలి. పూత మొదలయ్యే, ముగిసే చోట పదునైన అంచు ఉండకూడదు, చిన్న చాంఫర్ (ఏటవాలు కోత) గానీ రేడియస్ (గుండ్రటి అంచు) గానీ ఇవ్వండి. స్ప్రే పూతలు ఊడటం ఎప్పుడూ అంచు దగ్గరే మొదలవుతుంది. గ్రైండింగ్ డైమండ్ వీల్‌తోనే, కూలెంట్ ధారాళంగా పోస్తూ చేయాలి. మామూలు వీల్‌తో రుద్దితే కార్బైడ్ వేడెక్కి చిట్లుతుంది, ఆ పగుళ్లు కంటికి కనపడవు. చివరి నున్నదనం ఆర్‌ఏ (సగటు గరుకుదనం కొలత) 0.2 మైక్రాన్లు లేదా అంతకన్నా తక్కువ అని రాయండి. ఇది వదిలేస్తే గరుకుగా ఉన్న కార్బైడ్ మీ ప్యాకింగ్‌ని ఆకురాయిలా అరగదీస్తుంది.

పంపు పీడనం, స్ట్రోక్ పొడవు, ప్యాకింగ్ దేనితో చేసిందో, నీళ్లలో క్లోరైడ్ ఎంతో రాయండి. ప్యాకింగ్ కెవ్లార్ అయితే ఒక సంగతి, టెఫ్లాన్ అయితే ఇంకో సంగతి, నున్నదనం అంకె దాన్నిబట్టి కాస్త మార్చాల్సి రావచ్చు.